ఆరు స్తంభాల ఓడ, ఆగని పంపులు

సరుకుల రవాణా కోసం కట్టిన చెక్క తెరచాప ఓడల్లో అన్నిటికంటే పెద్దది ఏదని గత సంచికలో ఒక పాఠకుడు అడిగారు. ‘1909లో అమెరికాలో నీటిలోకి దించిన వయోమింగ్, 1924లో తుపానులో మునిగింది’ అని ఒక్క వాక్యంలో జవాబిచ్చి తప్పుకున్నాం. ఆ పొదుపు మీకు నచ్చలేదని తర్వాత వచ్చిన ఉత్తరాలు గట్టిగానే చెప్పాయి. వాటిలో ఐదింటిని ఎంచుకుని, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఓడకే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: 1909 నాటికి ఇనుప ఓడలు, ఆవిరి ఓడలు ప్రపంచమంతా తిరుగుతున్నాయి. అలాంటి రోజుల్లో చెక్కతో, తెరచాపలతో అంత పెద్ద ఓడ కట్టడం మొండితనం కాదా? అది అసలు ఏం పని చేసింది?
(విశ్రాంత ఓడరేవు ఉద్యోగి, కాకినాడ)

జవాబు: మొండితనం కాదండీ, పక్కా లెక్క. అమెరికా ఈశాన్య మూలన ఉన్న మెయిన్ రాష్ట్రంలో, కెనెబెక్ నది ఒడ్డున బాత్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి పెర్సీ అండ్ స్మాల్ అనే ఓడల కర్మాగారం ఈ ఓడను కట్టి 1909 డిసెంబరు 15న నదిలోకి దించింది. దాని పొట్ట పొడవు 350 అడుగులు. ముందూ వెనుకా పొడుచుకువచ్చిన దూలాలను కూడా కలిపితే 450 అడుగులు. మన రైలు పెట్టెలతో పోల్చి చెప్పాలంటే వరసగా నిలిపిన ఆరు పెట్టెలంత. వెడల్పు 50 అడుగులు. నిండా నింపితే 6,000 టన్నుల బొగ్గు పట్టేది. నేడు మన విద్యుత్ కేంద్రాలకు వచ్చే బొగ్గు గూడ్సు రైళ్ళు ఒకటిన్నర మోసుకొచ్చేంత సరుకు అది.

ఆ బొగ్గే దాని బతుకుతెరువు. అపలాచియన్ కొండల గనుల్లో తవ్విన బొగ్గు రైళ్ళలో వర్జీనియా తీరంలోని నార్ఫోక్, న్యూపోర్ట్ న్యూస్ రేవులకు దిగేది. అక్కడినుంచి ఉత్తరాన ఉన్న బోస్టన్, పోర్ట్‌లాండ్ వంటి పట్టణాల బట్టల మిల్లులకు, రైల్వేలకు, గ్యాసు కర్మాగారాలకు సముద్రం మీదుగా చేరాలి. బొగ్గు కుళ్ళదు, ఎండదు. నాలుగు రోజులు ఆలస్యమైనా విలువ తగ్గదు. త్వరగా చేరవలసిన అవసరం లేని సరుకుకు త్వరగా పోయే ఓడ ఎందుకన్నది అక్కడి వ్యాపారుల వాదన. ఆవిరి ఓడ ఇంధనానికి డబ్బు తినేది, ఇంజను గదిలో మనుషులకు జీతాలు తినేది. తెరచాప ఓడకు గాలి ఉచితం. రేవులో ఖాళీ లేక వారం రోజులు లంగరు మీద నిలబడవలసి వచ్చినా పెద్ద నష్టం ఉండేది కాదు. అమెరికా రేవు నుంచి అమెరికా రేవుకు సరుకు మోసే హక్కును చట్టం స్వదేశీ ఓడలకే కట్టబెట్టడంతో, చవకగా తిరిగే విదేశీ ఓడల పోటీ కూడా లేకపోయింది.

పెట్టుబడి కూడా వాటాల మీదే నడిచేది. ఒక్కో ఓడను 64 వాటాలుగా విడగొట్టి అమ్మే ఆచారం అక్కడ ఉండేది కాబట్టి సముద్రం మొహం ఎరుగని వాళ్ళు కూడా ఓడకు యజమానులయ్యేవారు. వయోమింగ్ రాష్ట్రానికి సముద్రతీరమే లేదు. అయినా అప్పటి ఆ రాష్ట్ర గవర్నరు బ్రయంట్ బ్రూక్స్ ఇందులో వాటాదారు కావడంతో ఓడకు ఆ రాష్ట్రం పేరు పెట్టారు. కొండల నడుమనున్న రాష్ట్రం పేరు మోసిన ఓడే చెక్క ఓడలన్నిటిలోకి పెద్దది కావడం మాకు తమాషాగా తోస్తుంది.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి ఓడలకు కరువు ఏర్పడినప్పుడు దీని పంట పండింది. కట్టిన ఖర్చుకు మించిన ధరకు 1917లో చేతులు మారింది. 1919లో నార్ఫోక్ నుంచి ఇటలీలోని జెనోవాకు బొగ్గు మోయడానికి టన్నుకు 23 డాలర్ల 50 సెంట్ల కిరాయి కుదిరింది. ఆ ఏడాది ముగిసేలోగానే అది తన ఖరీదుకు రెండింతలకు పైగా సంపాదించిపెట్టింది. యుద్ధం తర్వాత కిరాయిలు పడిపోయాయి, ఆవిరి టగ్గులు లాగే బార్జీల వరసలు తీరప్రాంతపు బొగ్గు వ్యాపారాన్ని లాగేసుకున్నాయి. 1921లో పోర్ట్‌లాండ్‌కు చెందిన మరో యజమాని చేతికి వెళ్ళి, మళ్ళీ పాత బొగ్గు దారినే పట్టింది. మొత్తం మీద పద్నాలుగేళ్ళ పైచిలుకు పనిచేసింది.

ప్రశ్న: ఆరు స్తంభాల ఓడను నడపడానికి వందమందైనా కావాలి కదా? పన్నెండు పద్నాలుగు మందితో నడిచిందని ఒకచోట చదివాను. నిజమేనా?
(డిగ్రీ విద్యార్థిని, వరంగల్)

జవాబు: నిజమేనమ్మా. చిత్రాల్లో మనం ఎక్కువగా చూసే పాత ఓడల్లో తెరచాపలు స్తంభానికి అడ్డంగా వేలాడతాయి. వాటిని చుట్టాలన్నా విప్పాలన్నా కళాసీలు పైకెక్కి అడ్డకర్రల మీద నిలబడవలసిందే. వయోమింగ్ స్కూనర్ అనే రకం ఓడ. ఈ రకంలో తెరచాప స్తంభం వెనుక నుంచి ఓడ పొడవునా, తలుపు మడతబందుకు వేలాడినట్టు ఉంటుంది. దాన్ని కింద నిలబడే తాళ్ళతో ఎత్తవచ్చు, దించవచ్చు. అయితే వయోమింగ్ తెరచాపలన్నీ కలిపి దాదాపు 40,000 చదరపు అడుగులు, అంటే ఎకరానికి కొంచెం తక్కువ. అంత బరువైన గుడ్డను ఎత్తడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. అందుకని ముందు భాగంలో ఒక చిన్న ఆవిరి యంత్రాన్ని పెట్టారు. అది ఓడను నడపదు. తెరచాపలను ఎత్తుతుంది, లంగరు లాగుతుంది, పంపులు తిప్పుతుంది. చివరి పనిని గుర్తుపెట్టుకోండి, కింది జవాబులో దాని అవసరం వస్తుంది.

ప్రశ్న: చెక్క ఓడకు సుమారు 300 అడుగులు దాటితే ముప్పు తప్పదని ఇంజనీర్లు అంటారు. దూలాలు ఇంకా లావుగా వేస్తే సరిపోదా? ఇందులోని సూత్రం వివరించగలరా?
(సివిల్ ఇంజనీరు, రాజమహేంద్రవరం)

జవాబు: మీ ప్రశ్నే ఈ ఓడ కథకు మూలం కాబట్టి కొంచెం తీరిగ్గా మాట్లాడుకుందాం.

ఓడ నీటి మీద సమానంగా తేలదు. నడుము దగ్గర వెడల్పుగా ఉంటుంది కనుక అక్కడ నీరు దాన్ని గట్టిగా పైకి నెడుతుంది. నీటిని కోయడానికి వీలుగా సన్నగా చెక్కిన అణియానికి, అమరానికి, అంటే ముందు వెనుక కొసలకు, ఆ ఊతం తక్కువ. కాబట్టి నిలకడ నీటిలో ఉన్నా సరే, కొసలు ఏళ్ళ తరబడి మెల్లగా కిందికి వాలుతాయి, నడుము ఎత్తుగా మిగులుతుంది. సముద్రంలో ఈ బాధ క్షణక్షణం మారుతుంది. అల శిఖరం నడుము కిందికి వస్తే ఓడ వీపు పైకి వంగుతుంది. రెండు కొసలు రెండు అలల మీద నిలిచి నడుము పల్లంలో పడితే నులక మంచంలా కిందికి జారుతుంది. అల పొడవు ఓడ పొడవుకు దగ్గరైనప్పుడు ఈ వంపు అతి తీవ్రంగా ఉంటుంది. అట్లాంటిక్ తుపానులో శిఖరం నుంచి శిఖరానికి మూడు వందల అడుగుల పొడవు దాటిన అలలు అరుదేమీ కాదు.

ఇక దూలాలు లావు చేయడం సంగతి. ఓడను అన్ని వైపులా రెట్టింపు చేశారనుకోండి. దాని బరువు, దాన్ని పైకి నెట్టే నీటి బలం ఎనిమిదింతలవుతాయి. ఆ బరువు రెట్టింపు పొడవు మీద పనిచేస్తుంది కాబట్టి వంచే బలం పదహారింతలవుతుంది. దూలాల మందం, లోతు కూడా రెట్టింపు చేసినా ఆ వంపును ఎదిరించే శక్తి ఎనిమిదింతలే పెరుగుతుంది. అంటే చెక్కలో కలిగే ఒత్తిడి రెండింతలైంది, చెక్క మాత్రం పాత చెక్కే. పోనీ నిష్పత్తికి మించి లావు చేద్దామంటే ఓడ తన బరువునే మోసుకుని తిరుగుతుంది, సరుకుకు చోటుండదు.

అంతకంటే పెద్ద చిక్కు అతుకుల్లో ఉంది. దీన్ని మీరు ఇంట్లోనే చూడవచ్చు. ఒక నూరు పేజీల నోటు పుస్తకాన్ని తీసుకుని, కుట్టు లేని వైపు వదులుగా ఉంచి వంచండి. పేజీల అంచులు మెట్లు మెట్లుగా జరుగుతాయి; ఏ పేజీ చిరగలేదు, కానీ ఒకదాని మీద ఒకటి జారింది. పేజీల మధ్య జిగురు పూసి ఆరనిచ్చి మళ్ళీ వంచబోతే పుస్తకం అట్టముక్కలా మొరాయిస్తుంది. చెక్క ఓడ జిగురు లేని పుస్తకం. ఎంత పెద్ద చెట్టయినా 350 అడుగుల దూలాన్ని ఇవ్వదు కాబట్టి, అడుగు దూలం దగ్గర్నుంచి పక్క పలకల దాకా అన్నీ ముక్కలను ఏటవాలుగా కోసి, ఒకదానిలో ఒకటి పొదిగి, ఇనుప బోల్టులతోనూ గట్టి కొయ్య మేకులతోనూ బిగించినవే. వంగిన ప్రతిసారీ పలక పక్క పలక మీద వెంట్రుకవాసి జారుతుంది. ఆ జారుడుకు మేకు రంధ్రాలు వదులవుతాయి, వదులైన కొద్దీ జారుడు పెరుగుతుంది. ఇనుప రేకులను దగ్గర దగ్గరగా రివెట్లతో బిగించిన ఓడలో ఈ జారుడు దాదాపు ఉండదు. ఏడు స్తంభాల తామస్ డబ్ల్యు. లాసన్ అనే స్కూనర్‌ను 1902లో ఉక్కుతో కట్టడంలోని ఆంతర్యం ఇదే.

పలకల సందుల్లో తారు పట్టించిన జనపనార దట్టించి, పైన కీలు, అంటే కరిగించిన చిక్కటి తారు, పోసి నీరు రాకుండా చేస్తారు. చిన్నతనంలో కాకినాడ జగన్నాథపురం వంతెన దగ్గర కాలువ గట్టున పడవలకు ఈ పని చేయడం ఈ జవాబు రాస్తున్నవాడు గంటల తరబడి చూశాడు. పనివాడు నారను వేళ్ళతో పేని, మొద్దు అంచు ఉలిని సందు మీద ఆనించి కొయ్య సుత్తితో కొడుతుంటే మొదట మెత్తగా ‘దబ్’ మనే చప్పుడు, నార నిండే కొద్దీ ‘టంగు’ మని మారేది. ఆ చప్పుడు మారితేనే ఆయన పక్క జానెడుకు జరిగేవాడు; కళ్ళతో చూసి కాదు, చెవితో విని. అంత శ్రద్ధగా దట్టించిన నార కూడా పలకలు కదలని చోటే నిలుస్తుంది. పొడవైన ఓడ మెలితిరిగినప్పుడు ఒక చోట సందు నలిగి నారను బయటికి కక్కుతుంది, మరో చోట విచ్చుకుని నీటికి దారి ఇస్తుంది.

వయోమింగ్ కట్టినవాళ్ళకు ఇదంతా తెలియదనుకోవద్దు. అంతకుముందే వాళ్ళు ఆరు స్తంభాల ఓడలు ఆరు కట్టి, వాటి జబ్బులన్నీ చూసినవాళ్ళే. అందుకే ఆరు అంగుళాల మందం గల పసుపు పైన్ పలకలు వేశారు. ఒక్కో పక్కన 90 ఇనుప పట్టీలను ఏటవాలుగా, తడిక అల్లినట్టు, చట్రం మీద బిగించారు. కొసలు వాలతాయని ముందే ఊహించి వాటిని ఎత్తుగా మలిచారు. చెక్క చివకకుండా పక్కటెముకల మధ్య ఖాళీల్లో రాతి ఉప్పు నింపడం కూడా ఆ ప్రాంతంలో మామూలే. ఆవకాయ పెట్టే మనకు ఆ తర్కం విడమరిచి చెప్పనక్కరలేదు. ఇంత చేసినా గట్టి సముద్రంలో ఓడ మెలితిరుగుతూనే ఉండేది, అడుగున నీరు చేరుతూనే ఉండేది, ఆవిరి పంపులు దాన్ని బయటికి తోడుతూనే ఉండేవి. కారుతుందని తెలిసే, ఆ కారుడును నడుపుడు ఖర్చుల్లో వేసుకుని తిప్పిన ఓడ అది. మాకు తోచినంతలో దాని లాభానికీ దాని చావుకూ మూలం ఒక్కటే. ఆ పొడవు లేకపోతే పట్టెడు మందితో 6,000 టన్నులు మోయడం కుదరదు. ఆ పొడవు ఉన్నంతకాలం పంపు ఆగడం కుదరదు.

ప్రశ్న: మా తాతగారు పలకలను తాడుతో కుట్టిన పడవ మీద వేటకు వెళ్ళేవారు. అది అలకు తగ్గట్టు వంగుతుంది కనుకనే పగలదని చెప్పేవారు. మరి వంగడం మన పడవకు మేలు, ఆ ఓడకు కీడు ఎలా అయింది?
(మచిలీపట్నం పాఠకుడు)

జవాబు: మీ తాతగారి మాటలో తప్పు లేదు. కోరమాండల్ తీరంలో ఆంగ్లేయులు ‘మసూలా బోటు’ అని పిలిచిన పడవ ఇదే. మద్రాసుకు కట్టుడు రేవు లేని కాలంలో ఓడలు దూరాన లంగరు వేస్తే, ఒడ్డున విరుచుకుపడే అలల మీదుగా మనుషులనూ సరుకునూ దాటించినది ఇలాంటి పడవలే. మేకు కొట్టిన పడవ ఇసుకకు గుద్దుకుంటే మేకు దగ్గర పలక చీలుతుంది. కొబ్బరి తాడుతో కుట్టిన పలక కాస్త కదిలి దెబ్బను మింగుతుంది.

కానీ ఆ పడవలో కూడా నీరు ఊరేది. ఒక మనిషి దాన్ని తోడుతూ కూర్చునేవాడు, అరగంటలో ఒడ్డు చేరేవారు, సాయంత్రం పడవను ఇసుక మీదికి లాగి ఆరబెట్టేవారు, కుట్టు వదులైతే మళ్ళీ కుట్టేవారు. వంగే గుణానికి చెల్లించవలసిన మూల్యం చిన్న పడవలో ఒక మనిషి కష్టం, కొంత తాడు. 350 అడుగుల ఓడ నిండా బొగ్గుతో రోజుల తరబడి నడిసముద్రంలో ఉంటే అదే మూల్యం గంటగంటకూ టన్నుల నీరు.

మన వైపు కోరంగి, తాళ్ళరేవుల్లో కట్టిన సరుకు దోనెలు ఈ రెంటికీ నడుమ ఉండేవి: మేకులతో బిగించినవే అయినా కలప తనంత తాను నిలువగలిగిన కొలతలు దాటనివి. కోరంగి ఓడల మీద వెళ్ళిన వాళ్ళ మూలంగానే బర్మాలో తెలుగువాళ్ళందరికీ ‘కోరంగీలు’ అనే పేరు పడింది. 1839 నవంబరు తుపాను ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టింది. కోరంగి నష్టం ఒక రేవు నష్టం, దాని కథ వేరే శీర్షికకు తగినంత పెద్దది.

ప్రశ్న: ఉద్యోగరీత్యా న్యూజెర్సీలో ఉంటున్నాను. ఓడ మునిగిన తీరు, ఆ రోజు జరిగింది వివరంగా చెప్పండి. ఇక్కడికి దగ్గరలో చూడదగిన గుర్తులేమైనా మిగిలాయా?
(ఎడిసన్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: 1924 మార్చి 3న వయోమింగ్, కెప్టెన్ చార్లెస్ గ్లేసెల్ నాయకత్వంలో, నార్ఫోక్‌లో బొగ్గు నింపుకుని కెనడాలోని సెయింట్ జాన్ రేవుకు బయలుదేరింది. కోరా ఎఫ్. క్రెసీ అనే ఐదు స్తంభాల స్కూనర్ కూడా అదే సమయానికి నార్ఫోక్ విడిచింది. అది కూడా పెర్సీ అండ్ స్మాల్ వాళ్ళు 1902లో కట్టినదే, అంటే ఒకే ఇంట పుట్టిన అక్క. మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్ మోచేయిలా వంగిన చోట, చాథమ్ ఊరి ఎదుట, ఈశాన్యపు తుపాను రెండింటినీ అడ్డగించింది. అక్కడి సముద్రం అడుగున ఇసుక తిన్నెలు తరచు చోటు మారుతుంటాయి, వాటి మీద అలలు పొట్టిగా నిటారుగా లేస్తాయి. మార్చి 11న రెండు ఓడలూ దగ్గర దగ్గరగా లంగరు వేసి గాలి తగ్గడం కోసం నిలబడ్డాయి.

చీకటి పడే వేళకు క్రెసీ కెప్టెన్ మనసు మార్చుకున్నారు. లంగరు ఎత్తించి, తీరానికి దూరంగా లోతు నీటిలోకి ఓడను తీసుకుపోయారు. అది దెబ్బలు తిన్నా బతికి బయటపడింది. వయోమింగ్ ఉన్నచోటనే ఉండిపోయింది. దాన్ని ఆ తర్వాత ఎవరూ చూడలేదు. పోలక్ రిప్ అనే తిన్నెల దగ్గర నిలిపి ఉంచిన దీపపు ఓడకు తూర్పున అది మునిగి ఉంటుందని భావించారు. ఓడ శిథిలాలు నాన్‌టకెట్ దీవి తీరానికి కొట్టుకొచ్చాయి. అందులో ఉన్నవారిలో ఒక్కరు కూడా మిగలలేదు.

లంగరు వేయడమే తప్పని తేల్చేసిన వాళ్ళున్నారు. మేం అంత తేలిగ్గా అనలేం. తుపానులో తీరానికి దగ్గరగా ఉండటం కంటే దూరంగా పోవడం మేలన్నది నావికులందరికీ తెలిసిన పాఠమే, క్రెసీ దాన్నే పాటించింది. కానీ క్రెసీ 273 అడుగుల ఓడ. వయోమింగ్ దానికంటే దాదాపు ఎనభై అడుగులు పొడవైనది. నిండు బరువుతో ముప్పై అడుగులు నీటిలో దిగిన ఓడ తిన్నెల మధ్య లంగరుకు కట్టుబడి ఉంటే, ముందు కొస గొలుసుకు లాక్కుంటూ, వెనుక కొస అల మీద లేస్తూ, పైన చెప్పుకున్న వంపు అంతా నడుము మీదే పడుతుంది. విప్పుకుని పోతే నడిసముద్రపు పొడవాటి అలలు అదే పని చేస్తాయి. పంపుల మీద ఆధారపడిన ఓడకు కెప్టెన్ ఎంచుకోగల మంచి దారి ఆ సాయంత్రం ఏదీ లేదని మా ఉద్దేశం.

దానితో పుట్టినవి కూడా ఎక్కువ కాలం నిలవలేదు. అదే ఏడాది జనవరిలో రూత్ ఇ. మెరిల్ అనే ఆరు స్తంభాల స్కూనర్ ఆ చుట్టుపక్కల నీళ్ళలోనే మునిగింది. చివరిగా మిగిలిన ఎడ్వర్డ్ జె. లారెన్స్ 1925 డిసెంబరులో పోర్ట్‌లాండ్ రేవులో తగలబడింది. అమెరికా తూర్పు తీరంలో ఆరు స్తంభాల చెక్క స్కూనర్ల తరం దానితో ముగిసింది.

వయోమింగ్ శిథిలం 2003లో మోనమోయ్ దీవి సమీపంలో సముద్రం అడుగున దొరికింది. అది మీరు చూడగలిగేది కాదు. చూడగలిగినవి రెండున్నాయి, రెండూ మెయిన్ రాష్ట్రంలోనే. బాత్‌లో పెర్సీ అండ్ స్మాల్ కర్మాగారం పాత షెడ్లతో సహా ఇప్పుడు మెయిన్ మారిటైమ్ మ్యూజియంలో భాగం. ఓడను కట్టిన చోటే, దాని అసలు కొలతలకు సరిగ్గా సరిపోయేలా, అణియాన్నీ అమరాన్నీ ఉక్కు దూలాలతో గీతబొమ్మలా నిలబెట్టారు. నడుమ పొట్ట భాగం ఖాళీ. ఒక కొస దగ్గర నిలబడి రెండో కొస వైపు చూస్తే 350 అడుగులు అంటే ఎంతో అర్థమవుతుంది. వీలైతే ఆ ఖాళీ వెంట అడుగులు లెక్కపెట్టుకుంటూ నడవండి.

రెండోది అక్కడికి తూర్పున, బ్రెమెన్ అనే ఊరి సముద్రపు పాయలో ఉంది. తుపాను నుంచి తప్పించుకున్న కోరా ఎఫ్. క్రెసీ మరో నాలుగేళ్ళు సరుకు మోసి, ఆ తర్వాత కొంతకాలం బోస్టన్ వంటి చోట్ల నీటి మీద తేలే నాట్యశాలగా బతికింది. 1938లో దాన్ని అక్కడికి లాక్కుపోయి, పెద్ద రొయ్యల్లాంటి లాబ్‌స్టర్లను ప్రాణంతో నిలవ ఉంచే మడుగుకు అలలు తగలకుండా అడ్డుగా నిలిపారు. స్తంభాలు లేవు, పలకలు ఊడిపోతున్నాయి, పోటు వచ్చినప్పుడల్లా నీరు దాని లోపలికి వచ్చి పోతుంది. తోడేవాళ్ళు మాత్రం లేరు.